గోడవార సందు

కూర్చున్నాడు. చుట్టూ చూసి వెళ్లిపోతాడనుకున్న సార్జెంటు, తుపాకీ గోడకు ఆనించి, కందిపప్పు బస్తా మీద కూర్చున్నాడు. కూర్చున్నవాడు కుదురుగా ఉండక కాళ్లు చాపాడు. ఆ బూట్ల మడమలు చెక్క నేలలో సరిగ్గా తలుపు వైపు నుంచి ఆరో పలక మీద ఆనాయి, ఆరో పలక కింద నా కూతురు పడుకుని ఉంది. నవోమి, ఇరవై రెండేళ్ల పిల్ల, వెల్లకిలా, ముక్కుకీ చెక్కకీ మధ్య జానెడు ఎడంతో. ఆ జానెడు నేనే కొలిచాను. అలాంటి వేళ కూడా కొలిచాను, నా చేతులకు సిగ్గు లేదు. మూడు రోజులుగా ఇదే తంతు, సందు మొదట్లో లారీ ఆగిన చప్పుడైతే పిల్ల కిందికి, లారీ కదిలితే పిల్ల పైకి. ముందు రెండు సార్లూ పావుగంటలో తేలిపోయింది, పలకలు ఊరికే మూతలా దించాను, అంతే. ఇవాళ మాత్రం పలక అంచు వెంట్రుక మందం పైకి లేచి కనపడింది. చూసి ఊరుకోవచ్చుగా. ఊరుకోలేక నాలుగు మేకులు కొట్టాను. ఎనిమిదిన్నరకు కొట్టాను, ఇప్పుడు తొమ్మిదిన్నర అయి ఉంటుంది, కాకపోతే పది. పైన పప్పుల కొట్టు అచ్చమ్మ గారిది, ఆవిడ గోడ గడియారం అక్కడ ఉంది, దాని గంట ఈ నేలమాళిగలోకి వినపడదు, వాన ఒక్కటే వినపడుతోంది.

ఈ పిల్ల ఏం నేరం చేసిందని ఎవరైనా అడిగితే చెప్పడానికి నాకే నవ్వొస్తుంది, టైపు కొట్టింది. ఆగస్టులో ఊరు ఊరంతా రోడ్డెక్కినప్పుడు ఇన్సేన్ రైలు వర్క్‌షాపు వాళ్ల సమ్మె కరపత్రాలకు స్టెన్సిల్ కాగితాల మీద టైపు కొట్టింది, రోజుకు రెండు పేజీలు, వేళ్ల కొనలు నల్లబడేలా. పోయిన వారం సైన్యం గద్దెనెక్కింది, తుపాకులు పేలాయి, ఎవరింట్లో ఏ కాగితం దొరికిందో పేర్ల జాబితా ఒకటి తయారైంది, అందులో దీని పేరు ఉందని వర్క్‌షాపు గుమాస్తా వచ్చి చెప్పిపోయాడు. స్నేహితులు నలుగురూ ట్వంటే కాలవ మీదుగా పడవలో పోయి సరిహద్దు అడవులు పట్టారు. ఇదీ సంచీ సర్దుకుంది. "నానా, నన్ను ఎల్లనీ" అని గుమ్మంలో నిలబడి అడిగింది. పడవ అచ్చయ్యది, ట్వంటే నుంచి కుండలు తెచ్చే మనిషి, మనవాడే, అచ్చమ్మ గారే అతనితో మాట్లాడిపెట్టారు. అన్నీ అమిరాయి, నేనే అడ్డం పడ్డాను. "అడివిలో ఏటుందే? జొరాలు, పాములు. నాను పరిసిన నేల కింద దాసేనంటే దేవదూత దిగొచ్చినా కనిపెట్టలేడు" అన్నాను. ఎంత మాట అన్నానో చూడండి, తగుదునమ్మా అని దేవదూతతో పందెం వేశాను. అప్పటి నుంచి నా తల్లి నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తింది, కిందికి దిగమంటే దిగింది, నోరు మాత్రం విప్పలేదు. దాని తల్లి మిరియం పోయి ఆరేళ్లయింది, ఉండి ఉంటే నా నోరు మూయించి పిల్లను పడవెక్కించేది.

సార్జెంటు మడమతో పలక మీద తట్టాడు. ఒకసారి, మళ్లీ ఒకసారి. ముప్పై ఏళ్లుంటాయేమో, మొహం మీద వాన నీళ్లు ఇంకా ఆరలేదు. "ఊలే, ఇది బోలుగా పలుకుతోంది" అన్నాడు బర్మా భాషలో. ఊలే అంటే చిన్నాన్నా అని. మర్యాదగానే పిలిచాడు, తుపాకీ ఉండి మర్యాదగా పిలిచేవాళ్లంటేనే నాకు ఎక్కువ భయం. "గాలాడటానికి సయా, అడుగున దూలాలు వేసి ఎత్తాను" అన్నాను. సయా అంటే అయ్యగారూ అని. ఎంత ఎత్తని అడిగాడు. జానెడన్నాను. నిజానికి మూరెడు. ఇటుక దిమ్మలు పేర్చి మూరెడు ఎత్తాను, మూరెడంటే మనిషి పడతాడని తెలిసిపోతుంది కదా. నలభై ఏళ్ల వడ్రంగంలో ఎవరికీ కొలత అబద్ధం చెప్పినవాణ్ని కాను, చెప్పగానే చెవులు వేడెక్కాయి. అతను నా చెవుల వంక చూడలేదు, నేల వంకే చూస్తున్నాడు. "మా అమ్మది ట్వంటే దగ్గర పల్లె. ఇటుక ఇల్లు. కింద గదిలో ఎప్పుడూ చెమ్మ, ఆవిడ మోకాళ్లు పట్టేశాయి. ఇలాగే చెక్క పరిపించాలని రెండేళ్లుగా అనుకుంటున్నాను, మా దగ్గర ఎవరికీ చేతకాదు. ఎలా పరచాలో చెప్పండి ఊలే. జీపు వచ్చేదాకా నాకు వేరే పని లేదు" అన్నాడు. అతని మనుషులిద్దరూ పైన కొట్లో చూరు కింద నిలబడి ఉన్నారు, వాళ్లకూ పని లేదు. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం అంటే ఏమిటో నాకు అరవయ్యో ఏట తెలిసింది.

ఎవరికీ చేతకాదన్నాడే, అది నిజం, నాకూ చేతకాదు. ఈ ఊళ్లో చెక్క ఇళ్లన్నీ గుంజల మీద నిలబడేవి. నేల కింద మనిషి వంగి నడిచేంత ఖాళీ, అక్కడ కుక్కలు పడుకుంటాయి, కోళ్లు తిరుగుతాయి, గాలి ఇటు దూరి అటు పోతుంది, వానలో తడిసిన పలక రెండో రోజుకల్లా ఆరుతుంది. మా నాన్న దండాసి గంజాం నుంచి ఓడెక్కి వచ్చి ఇన్సేన్ వర్క్‌షాపులో చేరి రైలు పెట్టెలకు నేలలు పరిచాడు, రైలు పెట్టె కింద ఉన్నంత గాలి ఇంకెక్కడుంటుంది. మాది గాలి మీద చెక్క పరిచే వంశం. మా లెక్కలో పలకను పలకకు బిగదన్ని కొట్టడమే పనితనం. బెంజమిన్ పరిచిన నేల మీద గుండుసూది జారితే పైనే దొరుకుతుందని మా క్వార్టర్స్ అంతా చెప్పుకునేవాళ్లు, చెప్పుకోకపోతే నేనే గుర్తు చేసేవాణ్ని. నాన్న ఒక్కసారి మాత్రం, మిషన్ బడి కింది గదికి చెక్క వేసేటప్పుడు, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నాడు, "ఇది గాలి మీద పని కాదురా, మన్ను మీద పని. గోడ కాడ ఏలు దూరీంత సందు ఒగ్గీయాల. సెక్క నీరు తాగితే ఉబ్బుతాది, ఉబ్బినప్పుడు దానికి సోటు గావాల." నాకప్పుడు పదిహేడేళ్లు. వేలు దూరేంత సందు చూస్తే పని రానివాడు చేసినట్టుంటుందని మనసులో అనుకున్నాను. విన్నాను గాని ఒప్పుకోలేదు, అదీ సంగతి.

చెప్పండి ఊలే అన్నాడు మళ్లీ. చెప్పాలి. చెబుతుంటే నా గొంతు కింద పిల్లకు వినపడుతుంది, నాన్న ఇంకా మాట్లాడుతున్నాడు కాబట్టి కదలకూడదని తెలుస్తుంది, అందుకని గట్టిగా, ఆదివారం ప్రసంగంలాగా మొదలుపెట్టాను. ముందు చెమ్మ చూడాలి సయా. ప్లాస్టిక్ ముక్క నేల మీద పరిచి నాలుగంచులా బంకమట్టి మెత్తి రెండు రోజులు వదిలేయండి, తీసి చూస్తే అడుగున చెమటలు పట్టి ఉంటే అక్కడ అలాగే పరచకూడదు, ముందు నేలకీ గోడకీ తారు పూయాలి. ఎప్పుడు చూడాలని అడిగాడు. వానాకాలంలో, అన్నాను. నేను చూసింది మాత్రం ఏప్రిల్లో. తింజాన్ నీళ్ల పండగ అయిన మూడో రోజు, ఎండకు వీధి తారు కరుగుతున్న రోజు, ఇక్కడే ప్లాస్టిక్ తీసి అచ్చమ్మ గారికి చూపించాను. "అమ్మా, ఎడారి. తారెందుకు దండగ" అన్నాను. ఆవిడ మామగారు వాసుదేవరావు గారి ఈ కొట్టుకు కోడలిగా వచ్చినప్పటి నుంచి ఈ మాళిగను ఎరిగిన మనిషి. "వానలకి ఇది చెరువవుద్ది మేస్త్రీ, చూస్కో" అన్నారు. పప్పులమ్ముకునే ఆవిడకు చెమ్మ సంగతి ఏం తెలుసని నవ్వాను. ఇవాళ పొద్దున పిల్లను దించినప్పుడు అడుగున బెత్తెడు నీళ్లున్నాయి. గోనెపట్టాలు నాలుగు మడతలు వేసి, పైన బల్లచెక్క పెట్టి, దాని మీద పడుకోబెట్టాను. అప్పటికి వాన సన్నగా ఉంది. ఇప్పుడు వీధి పిట్టగోడ మీద నుంచి నీళ్లు ధార కడుతున్న చప్పుడు వస్తోంది. బల్లచెక్క తేలుతుందా, మునుగుతుందా, ఆ బరువుకు మునుగుతుంది, మునిగితే ఆ జానెడులోనే తల ఎత్తుకోవాలి. ఎంతసేపు ఎత్తుకుంటుంది.

అచ్చమ్మ గారు టీ తెచ్చారు. డెబ్భై దాటిన మనిషి, ఒక చేత్తో పళ్లెం, ఒక చేత్తో చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని మెట్లు దిగారు. సార్జెంటుకు కప్పు అందించి, నా చేతికి ఇస్తూ, మొహం మామూలుగా పెట్టి తెలుగులో అన్నారు. "కింది మెట్టు మునిగింది. రెండోది అందుకుంటాంది. ఏం చేద్దాం?" వీధిలోంచి మాళిగ గుమ్మం దాకా బయట ఆరు మెట్లు, అక్కడ నిలిచిన నీళ్లు గుమ్మం కన్నా ముందు పలకల అడుక్కే చేరతాయి. "పైనున్నోల్లకి కూడా టీ ఇవ్వండమ్మా, తొరగా పోతారు" అన్నాను. ఏమంటోందావిడ, అన్నాడు సార్జెంటు. కప్పు పెదవి దగ్గరే ఆపి అడిగాడు. "పంచదార సరిపోయిందో లేదో అడగమంటోంది సయా." సరిపోయిందన్నాడు. నేనూ ఒక గుక్క తాగి కప్పు కింద పెట్టాను. ఆవిడ మెట్లెక్కుతూ వెనక్కి తిరగలేదు. ఆ గుండె నాకు లేదు.

తర్వాత, అన్నాడు. తర్వాత పలకలు. పలకలు తెచ్చిన రోజే కొట్టకూడదు సయా, పరిచే గదిలోనే మధ్యలో పుల్లలు పెట్టి పది రోజులు పేర్చి ఉంచాలి, ఆ గది గాలికి అవి అలవాటు పడాలి. చెబుతున్నాను గాని కళ్ల ముందు మింగళాడోన్ అవతలి కోత మిల్లు, ఎండలో కాలుతున్న కంజిన్ చెక్క, లారీ మీద అది పట్టుకుని నేను. మధ్యాహ్నం తెచ్చాను, సాయంత్రానికి సగం కొట్టేశాను. ఆరు రోజుల పని మూడు రోజుల్లో ముగించానని చెప్పుకోవాలి కదా. ఎవరికి చెప్పుకున్నాను, నవోమికే చెప్పాను, అన్నం తింటూ. "మంచిది నానా" అంది, పుస్తకంలోంచి తలెత్తకుండా. దూలాల కింద ఎత్తుపల్లాలుంటే రసమట్టం పెట్టి దిమ్మల్ని సరిచేసుకోవాలి సయా, చెక్కపేళ్లు దోపి సరిపెట్టకూడదు, తడికి అవి జారిపోతాయి. దోపాను. మూడో దూలం కింద రెండు పేళ్లు దోపాను, ఇప్పుడు ఆ దూలం మీద కందిపప్పు బస్తా, బస్తా మీద సార్జెంటు. పేడు జారితే దూలం ఎటు వాలుతుంది, గోడ వైపా, పిల్ల వైపా. బుర్రలో బొమ్మ గీసి చూసుకుంటున్నాను, ఒకసారి ఇటు వాలింది, ఒకసారి అటు వాలింది. మర మేకులు వాడండి సయా, మామూలు మేకులు పట్టు వదిలితే నేల కిర్రుమంటుంది. "మర మేకులు ఎక్కడ దొరుకుతాయి ఊలే ఈ దేశంలో" అని నవ్వాడు. నిజమే, ఇరవై ఆరేళ్లుగా తలుపులేసుకుని కూర్చున్న దేశం, బయటి నుంచి మేకు రాదు, తారు అట్ట రాదు, పాత ఇళ్ల మేకులు పీకి సుత్తితో వంపు తీసి మళ్లీ కొట్టడమే. నేనూ నవ్వాను. నా బిడ్డ మీద కాళ్లు పెట్టుకున్నవాడితో కలిసి నవ్వాను, ఆ నవ్వు దానికి వినపడి ఉంటుంది.

అప్పుడే చప్పుడైంది. పెద్దదేం కాదు, తడి గోనె మీద మోచెయ్యి జారితే ఎంతో అంత. సార్జెంటు కాళ్లు ముడుచుకున్నాడు. "ఏమిటది?" "పందికొక్కులు సయా." వెంటనే వచ్చింది నోటికి, ఎలా వచ్చిందో తెలియదు. "జూన్‌లో ఒక బస్తా మొత్తం తినేశాయి, అవి దూరకుండా వీధి వైపు గాలి కన్నాలకు ఇటుకలు పెట్టి మూసేశాను, లోపల ఉండిపోయినవి లోపలే ఉన్నాయి." అతను గోడ వైపు చూశాడు, నా కొత్త సున్నం మరకల వైపు. "మూసేస్తే గాలి ఎలా ఆడుతుంది? గాలి కోసమే ఎత్తానన్నారుగా." గాలి ఎలా ఆడుతుంది. ఆడదు. రెండు కన్నాలూ మూశాను, పలకకూ పలకకూ మధ్య గుండుసూది పట్టదు, గోడ దగ్గర వేలు పట్టదు, ఇప్పుడు నీళ్లు కూడా కింద నుంచి ఎక్కుతున్నాయి, ఇక అక్కడ ఏం మిగిలి ఉంటుంది. మనిషి గంటకు ఎంత గాలి పీలుస్తాడో నాకెవరూ చెప్పలేదు. కొలతలన్నీ తెలుసనుకున్నాను, కావలసిన ఒక్క కొలతా తెలియదు. ఇంకో చప్పుడు కోసం చెవులు రిక్కించాను. చప్పుడు రాకూడదని ప్రార్థించాను, రాకపోయేసరికి రావాలని ప్రార్థించాను. దేవుడు ఏ ప్రార్థన వినాలి. ప్రభువా, పిల్ల దగ్గనీ. వద్దు, దగ్గనీయకు. లేచి ఈ బస్తా తోసేసి, అయ్యా ఇక్కడుంది నా కూతురు, తీసుకుపొండి, ప్రాణంతో తీసుకుపొండి అని అరిచేద్దామా. ఇన్సేన్ జైల్లోనైనా కిటికీ ఉంటుంది. నోట్లో ఆ మాట తయారైపోయింది, నాలుక కూడా కదిలింది.

"తప్పే సయా" అన్నాను. అరుద్దామనుకున్నది అలా వచ్చింది. "కన్నాలు మూయడం తప్పే. ఇనప జాలీ పెట్టాల్సింది. ఎదురెదురు గోడలకు రెండేసి కన్నాలుండాలి, మీ అమ్మగారింట్లో మాత్రం మూయకండి." అతను తల ఊపాడు. కప్పు బస్తా పక్కన పెట్టి లేచాడు. నడుం వంచి, గోడా చెక్కా కలిసే చోట చూపుడువేలు ఆనించి ఆ మూల నుంచి ఈ మూల దాకా నడిచాడు. అతని బూటు కింద పలకలు ఒక్కొక్కటీ కిర్రుమన్నాయి, మధ్యలో నేల ఉబ్బి ఉన్నచోట ఆగి, పాదంతో అదిమి చూశాడు. "చెమ్మకి చెక్క ఉబ్బుతుంది కదా ఊలే, ఉబ్బితే ఎక్కడికి పోతుంది? ఇక్కడ సందేమీ లేదే." అందరికీ తెలిసే మాట. చిన్నపిల్లాడు కూడా అడిగే మాట. "ఉండాలి సయా. గోడవార వేలు దూరేంత వదలాలి. అన్నిటికన్నా ముందు చెప్పవలసింది అదే." "మీరు వదల్లేదు." "వదల్లేదు." "తెలియకా?" తెలియక అంటే సరిపోతుంది. నలభై ఏళ్లలో ఎంత మందితో, వాళ్లకు తెలియదు, వీళ్లకు తెలియదు అన్నాను. "తెలిసే. నా పనితనం చూపించుకోవడానికి" అన్నాను. ఎందుకన్నానో నాకు తెలియదు, అతనికి చెప్పలేదేమో, కిందికి చెప్పానేమో. అతను నా మొహంలోకి చూశాడు, చాలాసేపు చూసినట్టనిపించింది.

వీధిలో జీపు హారన్ మోగింది. తుపాకీ అందుకున్నాడు. మెట్టు మీద ఒక కాలు పెట్టి, టోపీ సర్దుకుంటూ అన్నాడు. "రేపు పొద్దున కూడా మాకు ఈ వీధే. వస్తాను. ఆ పలకలు విప్పి, గోడ దగ్గర సందు తీసి ఉంచండి. అడుగున ఎలా కట్టారో చూసి మా అమ్మ ఇంటికి కొలతలు రాసుకుంటాను. ఇవాళే చేయండి ఊలే, ఈ వానకు ఇంకా ఉబ్బుతుంది." వెళ్లాడు. నీళ్లలో బూట్ల చప్పుడు, పైన ఇంకో నాలుగు బూట్లు, తలుపు, జీపు. అతనికి తెలిసి నాకు ఒక పూట ఇచ్చాడా, తెలియక నిజంగా వాళ్లమ్మ మోకాళ్ల కోసం అడిగాడా. మంచివాడేమో. అయితే అయి ఉండొచ్చు, ఒకడి మంచితనం మీద నా పిల్లను పందెం పెట్టే ధైర్యం నాకు లేదు, మూడు రోజుల క్రితం ఉన్న ధైర్యాలన్నీ అయిపోయాయి.

జీపు సందు దాటిందని అచ్చమ్మ గారు మెట్ల మీద నుంచి చెయ్యి ఊపేదాకా ఆగాను, ఎలా ఆగానో. తర్వాత బస్తా తోశాను. మూడు మేకులు వచ్చాయి, నాలుగోదాని తల ఊడి చేతికొచ్చింది. పలక లేవలేదు. గునపం మొన దూర్చుదామంటే దూరే చోటు లేదు, గోళ్లతో వెతికాను, ఎక్కడా లేదు, నా జన్మలో ఇంత బిగువుగా ఏ పలకా పరచలేదు. "నవోమీ" అన్నాను. "అమ్మీ, పలుకే." పలకలేదు. బాడిస తీసుకుని నేను చిత్రిక పట్టిన చెక్కను నేనే నరికాను, అడ్డదిడ్డంగా, పెచ్చులు మొహానికి తగులుతుంటే. "నెమ్మది బెంజమినూ, పిల్లకి తగులుద్ది" అంటూనే ఉన్నారు అచ్చమ్మ గారు, లాంతరు పట్టుకుని. చెక్క చీలింది. నల్లటి నీళ్లు, గోనె కంపు. ఆ నీళ్లలోంచి చెయ్యి లేచి చీలిన అంచు పట్టుకుంది.

లేవదీసి కూర్చోబెట్టాను. పెదవులు నీలంగా ఉన్నాయి, నోరు తెరిచి గాలి మింగుతోంది, మెడ ఆగకుండా వణుకుతోంది, గంట సేపు తల ఎత్తి పట్టుకున్న మెడ. చెవుల్లోంచి నీళ్లు కారుతున్నాయి. అచ్చమ్మ గారు తువ్వాలు కప్పారు. మూడు రోజుల తర్వాత నాతో మొదటి మాట అంది. "నానా, గోడ కాడ సందు ఒగ్గాలని నీకు ముందే ఎరికేనా?" కోపంగా అడగలేదు. కోపంగా అడిగి ఉంటే బాగుండేది. "ఎరికే తల్లీ" అన్నాను. మోకాళ్లు దగ్గరికి లాక్కుని, నరికిన పలకల వంక చూస్తూ కూర్చుంది. దాని వీపు నిమురుతూ, నిన్ను పడవెక్కనీయకుండా ఆపడం, ఇంకో పెద్ద తప్పు కూడా ఉంది, అది అతనికి చెప్పలేదు, నీకు చెబుతాను, అనుకున్నాను. పైకి వేరేలా వచ్చింది. "అచ్చయ్య పడవ ఇయాల మళ్లీ పదకొండున్నరకి కదుల్తాది. లే. నాదే తప్పు. నువ్వు ఎల్లిపో."

సంతోషిస్తుందనుకున్నాను. సంచీ ఇంకా సర్దే ఉంది, ఆ మూల, మూడు రోజుల నుంచి నాకు ఎదురుగా పెట్టుకుంది. గబుక్కున లేస్తుంది, నా వంక చూడకుండా మెట్లెక్కుతుంది అనుకున్నాను. లేవలేదు. రెండు చేతులతో నా చొక్కా గుండెల దగ్గర పట్టుకుంది. "బయమేస్తంది నానా" అంది. ఆ మాట దాని నోట నేను విన్నది లేదు, జనం మీద తుపాకులు పేలిన రోజు కూడా అది టైపు మిషన్ గుడ్డలో చుట్టి చంకన పెట్టుకుని ఇంటికి నడిచొచ్చింది. "నానెల్లను. ఈడే ఉంటాను. సందు తీసీ నానా, కన్నాలు ఇప్పీ. మళ్లీ దిగుతాను కిందకి, కదలను, సప్పుడు సెయ్యను. నాను కదిలేను కదా ఇందాక, ఇంక కదలను." అచ్చమ్మ గారు లాంతరు కింద పెట్టి గోడ వైపు తిరిగారు.

ఉండిపో అనడానికి ఒక్క క్షణం చాలు. రాత్రికల్లా పలకలన్నీ విప్పి, గోడవార సందు తీసి, కన్నాలకు జాలీ పెట్టి, ఈసారి ఒక్క తప్పూ లేకుండా పరచగలను, నా చేతులకు ఇప్పుడు అన్నీ తెలుసు. ఆ చేతులు దురద పెడుతున్నాయి కూడా. రేపు పొద్దున అతను వస్తాడు, అడుగు చూస్తానన్నాడు. నేను దానితో పడవెక్కలేను, రేపు అతను వచ్చేసరికి మేస్త్రీ లేకపోతే ఈ ముసలావిడను తీసుకుపోతారు. "నాకూ బయమే అమ్మీ" అన్నాను. "అయినా ఎల్లాల." అది తల అడ్డంగా ఊపుతూనే ఉంది. పైన గడియారం పదకొండు కొట్టి ఉంటుంది, వాన కొంచెం తగ్గింది. నా చొక్కా మీద దాని వేళ్లు తెల్లబడి బిగిసి ఉన్నాయి, చిన్నప్పుడు బడి మొదటి రోజున కూడా ఇంత గట్టిగా పట్టుకోలేదు. ఒక్కొక్క వేలూ విడదీశాను. కుడి చేతివి అయిదూ వచ్చాయి. ఎడమ చేతివి నాలుగు. చిటికెన వేలు దగ్గర ఆగిపోయాను. అది నా వంక చూసింది. దాన్నీ విడదీశాను.